కారులో టార్చిలైటు: ల్యూమెన్లు కాదు, బ్యాటరీ చూడండి

కారు కొనేముందు మనవాళ్ళు చేసే పరిశోధన సామాన్యమైనది కాదు. మైలేజీ, రీసేల్ విలువ, క్రాష్ టెస్టు రేటింగులు, ఇన్సూరెన్సు ఖర్చు, అన్నీ ఒక స్ప్రెడ్‌షీటులో పెట్టి, నలుగురు స్నేహితుల సలహా తీసుకున్నాక గాని డీలరు గుమ్మం తొక్కరు. అదే కారు టైరు అర్ధరాత్రి పంక్చరైతే వెలుగు కోసం ఏముంది అని అడగండి. చాలామంది జేబులోంచి ఫోను తీసి చూపిస్తారు. కొందరు, గ్లవ్ బాక్సులో ఎక్కడో ఒక లైటు ఉండాలే అంటారు. అది చివరిసారి ఎప్పుడు వెలిగిందో వాళ్ళకీ గుర్తుండదు.

పాతిక, ముప్ఫై డాలర్ల వస్తువుకు ఇంత చర్చ ఎందుకు అనిపించవచ్చు. కానీ దీని అవసరం వచ్చే రోజున వేరే దారులన్నీ మూసుకుపోయి ఉంటాయి. అందుకే ఈసారి దీని సంగతి చూద్దాం.

ఫోను చాలదా?

2022 జనవరి 3న వర్జీనియాలో మంచు తుఫాను వచ్చి, ఫ్రెడరిక్స్‌బర్గ్ పరిసరాల్లో ఐ-95 హైవే స్తంభించిపోయింది. వందలాది వాహనాలు ఆ రాత్రంతా గడ్డకట్టే చలిలో నిలిచిపోయాయి. సెనేటర్ టిమ్ కేన్ కూడా అందులో చిక్కుకున్నారు. రిచ్మండ్ నుంచి వాషింగ్టన్‌కు రెండు గంటల ప్రయాణం ఆయనకు 27 గంటలు పట్టింది. మనవాళ్ళు ఎందరో రోజూ తిరిగే దారి అది.

అలాంటి రాత్రి ఫోను చేయాల్సిన పనులు వేరే ఉన్నాయి: 911కు కాల్ చేయాలి, ఇంటికి కబురు చెప్పాలి, దారి చూడాలి. చలికి ఫోను బ్యాటరీ ఎలాగూ నీరసపడుతుంది. ఉన్న కాస్త ఛార్జీని దీపానికి ఖర్చు పెట్టడం తెలివైన పని కాదు. పైగా ఫోను పళ్ళతో పట్టుకుని టైరు నట్లు విప్పడం ఎవరివల్లా కాదు.

కారే అసలు పరీక్ష

ఇంట్లో సొరుగులో పెట్టే లైటుకూ, కారులో పెట్టే లైటుకూ తేడా ఏమిటంటే, కారు ఒక పొయ్యి, ఒక ఫ్రిజ్ కూడా. 2005లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ప్రచురించిన కొలతల ప్రకారం, ఎండలో మూసి ఉంచిన కారు లోపల ఒక గంటలో సగటున 40 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 22 డిగ్రీల సెంటీగ్రేడ్, వేడి పెరుగుతుంది. అందులో 80 శాతం మొదటి అరగంటలోనే. 2018లో అరిజోనా స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు వంద డిగ్రీల ఫారెన్‌హీట్ దాటిన రోజుల్లో కొలిస్తే, గంటసేపు ఎండలో ఉన్న కార్ల డ్యాష్‌బోర్డు సగటున 157 డిగ్రీలకు, అంటే 69 సెంటీగ్రేడ్‌కు చేరింది. ఫీనిక్స్, డల్లాస్‌లోనూ, దుబాయి, కువైట్‌లలోనూ ఉండేవారికి ఇది కొత్త సంగతేమీ కాదు. చికాగో, మినియాపొలిస్ వాళ్ళకు చలికాలంలో దీనికి పూర్తిగా తలకిందులు.

మన ఊళ్ళలో అయిపోవచ్చిన సెల్సు ఎండలో పెట్టి, ఇంకో రెండు రోజులు టార్చి వెలిగించుకోవడం చాలామందికి గుర్తుండే ఉంటుంది. వేడికి లోపలి రసాయన చర్య పుంజుకుంటుంది, అందుకే ఆ కాస్త ప్రాణం వచ్చేది. అదే వేడి కారులో, నెలల తరబడి, వాడని బ్యాటరీ మీద పనిచేస్తే ఏమవుతుంది? వాడకుండానే అరిగిపోతుంది. కాబట్టి ముందు బ్యాటరీ ఎంచుకోండి, తర్వాత దానికి తగిన లైటు ఎంచుకోండి.

మామూలు ఆల్కలైన్ సెల్సు చవక, ఎక్కడైనా దొరుకుతాయి. కానీ వాటిలో ఉండేది నీళ్ళలో కలిపిన పొటాషియం హైడ్రాక్సైడ్. వేడికి లోపల వాయువు పుట్టి, ఒత్తిడి పెరిగి, ఏదో ఒక రోజు కారుతుంది. అది స్ప్రింగునూ, కాంటాక్టులనూ తినేస్తుంది. గడ్డకట్టే చలిలో వీటి శక్తి బాగా తగ్గిపోతుంది.

రీఛార్జి చేసుకునే నికెల్ సెల్సు ఇంట్లో రోజువారీ వాడకానికి మంచివి. 2005లో సాన్యో ఎనెలూప్ వచ్చిన తర్వాత, ఊరికే పెట్టినా ఛార్జీ నిలుపుకునే రకం దొరుకుతోంది. అయినా వేడిలో ఆ నిలుపుకునే గుణం తగ్గుతుంది.

లిథియం అయాన్, అంటే ఫోనులో ఉండే రకం, యు.ఎస్.బి. తీగతో ఛార్జి చేసుకునే లైట్లలో ఎక్కువగా ఉండేది ఇదే. జేబులో పెట్టుకుని రోజూ వాడే లైటుకు ఇంతకన్నా మంచిది లేదు. కానీ పూర్తిగా ఛార్జి చేసి ఎండలో వదిలేస్తే త్వరగా ముసలిదవుతుంది. సున్నా డిగ్రీల సెంటీగ్రేడ్ కన్నా తక్కువ చలిలో ఛార్జి చేస్తే లోపల పాడవుతుంది. పైగా ఎప్పటికప్పుడు ఛార్జి చేయాలని మనకు గుర్తుండాలి. ఉంటుందా?

ఇక మిగిలింది 1.5 వోల్టుల లిథియం ఏఏ సెల్, రీఛార్జి కానిది. పేరులో లిథియం ఉన్నా, ఇది పై రకం కాదు. ఇందులో నీళ్ళు లేవు కనుక చలికి గడ్డకట్టదు, కారే భయమూ చాలా తక్కువ. మైనస్ 40 నుంచి 60 డిగ్రీల సెంటీగ్రేడ్ వరకు పనిచేస్తుందనీ, మామూలు గది వేడిమిలో ఇరవై ఏళ్ళు నిల్వ ఉంటుందనీ తయారీదార్లు చెబుతారు. ఆల్కలైన్ కన్నా ఖరీదు రెండు మూడు రెట్లు ఉండవచ్చు. కారుకు నా ఓటు దీనికే. ఒకటో, రెండో ఏఏ సెల్సుతో నడిచే లైటు కొని, ఇవి వేయండి. ఆ లైటు లిథియం సెల్సు ఒప్పుకుంటుందో లేదో డబ్బా మీద చూసుకోండి. ఆల్కలైన్‌తో కలిపి మాత్రం వేయకండి. అసలు అవసరం పడ్డ రోజున ఇవి అయిపోతే, ఏ గ్యాస్ స్టేషన్‌లోనైనా ఆల్కలైన్ ఏఏలు కొని సరిపెట్టుకోవచ్చు. యు.ఎస్.బి. తీగతో ఛార్జి చేసే లిథియం అయాన్ లైట్లకు సాధారణంగా ఈ సౌకర్యం లేదు.

ల్యూమెన్ల లెక్క

లైట్ల కొలతలకు అమెరికాలో 2009లో ఎఫ్.ఎల్.1 అనే ప్రమాణం వచ్చింది. డబ్బా మీద ఆ గుర్తు ఉంటే అంకెలను కొంత నమ్మవచ్చు, అయితే అర్థం తెలుసుకుని నమ్మాలి. రన్‌టైమ్ అంటే మొదటి వెలుగులో పదో వంతుకు పడిపోయేదాకా పట్టే సమయం. 300 ల్యూమెన్లు, ఎనిమిది గంటలు అని రాసి ఉంటే, ఎనిమిదో గంట చివర మీ చేతిలో ఉండేది 30 ల్యూమెన్లే. బీమ్ దూరం అంటే వెలుగు పున్నమి వెన్నెలంత పలచబడే దూరం. ఐ.పి.ఎక్స్.7 అంటే మీటరు లోతు నీళ్ళలో అరగంట తట్టుకుంటుంది.

ఇరవై డాలర్లకే లక్ష ల్యూమెన్లని చెప్పే లైట్ల సంగతి మాత్రం చిన్న గుణకారంతో తేలిపోతుంది. మంచి ఎల్.ఇ.డి. ఒక వాట్‌కు ఉజ్జాయింపుగా వంద ల్యూమెన్లు ఇస్తుందనుకుందాం. లక్ష ల్యూమెన్లకు వెయ్యి వాట్లు కావాలి, అంటే ఒక ఇస్త్రీ పెట్టె. మంచి 18650 బ్యాటరీలో ఉండేది 12 వాట్-అవర్లు. అంత శక్తిని అంత వేగంగా అది ఇవ్వగలిగినా, 43 సెకన్లలో ఖాళీ.

నిజానికి కావలసింది చాలా తక్కువ. కారు లోపల కాగితం చదవడానికి ఐదు ల్యూమెన్లు, టైరు మార్చడానికి యాభై నుంచి వంద, పక్కన కాలువలో ఏముందో చూడడానికి రెండు వందలు. అందుకే ఎక్కువ వెలుగు కన్నా, బాగా తక్కువ వెలుగు సెట్టింగు ఉందా లేదా అన్నది ముఖ్యం. ఐ-95 లాంటి రాత్రి ఆదుకునేది అదే. రెండు చేతులూ ఖాళీగా ఉండాలంటే తలకు కట్టుకునే హెడ్‌ల్యాంప్ ఇంకా మేలు.

స్విచ్చి, చోటు, తనిఖీ

కొన్ని లైట్లలో స్విచ్చి ఎలక్ట్రానిక్‌ది. ఆపేసి ఉన్నా, మీ నొక్కు కోసం కాచుకుని కొంత కరెంటు తాగుతూనే ఉంటుంది. 3000 మిల్లీయాంప్-అవర్ సెల్‌లోంచి అది ఒక మిల్లీయాంప్ లాగితే 125 రోజుల్లో సెల్ ఖాళీ. యాభై మైక్రోయాంపులైతే ఆరేళ్ళకు పైనే. మెమరీ లీక్ లాంటిదే ఇది, ఒక్కరోజు టెస్టులో కనిపించదు. వెనక టక్కుమని నొక్కే మెకానికల్ స్విచ్చి ఉన్నది తీసుకుంటే ఈ గొడవే లేదు. లేదా సెల్‌కూ కాంటాక్టుకూ మధ్య చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టండి.

లైటును డ్యాష్‌బోర్డు మీద వద్దు. పైన చెప్పిన 69 డిగ్రీలు లిథియం సెల్ హద్దును కూడా దాటిపోయాయి. ట్రంకులో సామాన్ల కింద ఉంటే చేతికందదు. నీడగా ఉండే డోర్ పాకెట్టులో గాని, సీట్ల మధ్య పెట్టెలో గాని దొర్లకుండా పెట్టండి. కారు కాగితాలు ఉన్నచోట మాత్రం కలపవద్దు. రాత్రిపూట పోలీసు ఆపినప్పుడు, నల్లటి లోహపు గొట్టం ఉన్న చోటికి మీ చెయ్యి వెళ్ళకూడదు. అప్పుడు చేతులు స్టీరింగ్ మీద ఉంచి, లోపలి లైటు వేస్తే చాలు.

రోడ్డు పక్కన ఆగినప్పుడు వెలుగు నేల మీదికి పట్టండి. ఎదురుగా వచ్చేవాళ్ళ కళ్ళలోకి కొట్టడం, టపటపా కొట్టుకునే స్ట్రోబ్ వేయడం వాళ్ళకూ మనకూ ప్రమాదమే. హెచ్చరికకు రిఫ్లెక్టర్ త్రికోణాలు వేరే ఉండాలి.

ఇక తనిఖీ. బ్యాకప్ తీసిన సర్వర్‌ను ఎప్పుడో ఒకసారి రిస్టోర్ చేసి చూడనిదే నమ్మం కదా, ఇదీ అంతే. అమెరికాలో మార్చి రెండో ఆదివారం, నవంబరు మొదటి ఆదివారం చాలా రాష్ట్రాల్లో గడియారాలు మారతాయి. ఆ రెండు రోజులూ లైటు ఒకసారి వెలిగించి, మూత విప్పి సెల్సు చూడండి. గడియారం మార్చని అరిజోనా, హవాయి వాళ్ళు ఏవైనా రెండు పండగలు ఎంచుకోవచ్చు.

సెల్సుతో సహా యాభై డాలర్ల లోపే తేలిపోయే పని ఇది. ఇంట్లో ఎన్ని కార్లుంటే అన్ని కొనండి. కాలేజీకి వెళ్ళే అమ్మాయి నడిపే పాత కారును ముందు చూడండి. తనకు లైటు కొనివ్వడమే కాదు, చీకట్లో ఒకసారి తన చేతనే వెలిగించి చూపించమనండి.