పిల్లిగద్దల్లో రెండు రకాలు: పోల్చుకోవడం ఎలా?

చలికాలంలో బళ్ళారి, రాయచూరు, షోలాపూర్, కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి చేలమీద ఒక సన్నని గద్ద మనిషెత్తున తేలుతూ పోవడం మీరు చూసే ఉంటారు. రెక్కలు కాస్త పైకెత్తి ఎగురుతూ ఉన్నట్టుండి గడ్డిలోకి దిగిపోతుంది. తెలుగులో దాన్ని పిల్లిగద్ద అంటారు. తమిళంలో 'పూనై పరుందు' అన్నా అర్థం అదే.

వీటిలో బాగా తికమక పెట్టే జంట మాంటెగ్యూ హారియర్, పాలిడ్ హారియర్.

మగవాటిని పోల్చుకోవడం తేలిక. పాలిడ్ మగది దూరానికి తెల్లగా కనిపిస్తుంది. రెక్క కొసన సన్నని నల్లటి చీలిక మాత్రమే ఉంటుంది. మాంటెగ్యూ మగది ముదురు బూడిదరంగు. దాని రెక్క కొస చాలామేర నలుపు, రెక్క మీద అడ్డంగా నల్లగీత, పొట్టమీద ఇటుకరంగు చారలు ఉంటాయి.

చిక్కంతా ఆడవాటితోనే. రెండూ గోధుమరంగే, రెండింటికీ తోక మొదట్లో తెల్లమచ్చ ఉంటుంది. అప్పుడు మెడ చూడాలి. చెంపమీది నల్లమచ్చ వెనకాల లేతరంగు పట్టీ స్పష్టంగా ఉంటే అది పాలిడ్. మాంటెగ్యూకు అలాంటి పట్టీ కనపడదు.

పాలిడ్ రష్యా, కజకిస్తాన్ గడ్డిమైదానాల్లో గూడు కడుతుంది. మాంటెగ్యూ పడమటి యూరప్ నుంచి మధ్య ఆసియా దాకా పిల్లలు చేస్తుంది. రెండూ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మన వైపు వచ్చి మార్చి, ఏప్రిల్‌లో తిరిగి వెళ్తాయి. ఇక్కడున్నన్నాళ్ళూ మిడతలు, ఎలుకలు, చిన్న పిట్టలు వీటి తిండి. పైరుకు చేటుచేసే మిడతల్నీ ఎలుకల్నీ తినే ఈ చుట్టం రైతుకు మేలే చేస్తుంది.

పోల్చుకోవడం ఎందుకంటే, రెండింటి పరిస్థితీ ఒకటి కాదు. ప్రపంచ పరిరక్షణ సంఘం ఐయూసీఎన్ జాబితాలో పాలిడ్ ముప్పుకు దగ్గరపడ్డ జాతి. మాంటెగ్యూ ఇంకా ఆ జాబితా ప్రకారం అంత ప్రమాదంలో లేదు. రెండింటినీ ఒకటిగా లెక్కిస్తే పాలిడ్ తగ్గిపోతున్న సంగతి తెలియకుండానే పోతుంది.

ఇంకో మాట. ఇవి చెట్టెక్కి పడుకోవు. పొద్దుగూకగానే గుంపుగా చేరి, ఎత్తైన గడ్డిలో నేలమీదే రాత్రి గడుపుతాయి. నంద్యాల జిల్లా రోళ్ళపాడు, బెంగళూరు దగ్గరి హెసరఘట్ట అలాంటి చోట్లే. గడ్డినేలను బంజరు అనుకుని దున్నేసినా, చెట్లు నాటేసినా, నిప్పు పెట్టినా వీటికి పడక పోయినట్టే. మీ ఊరి గడ్డిబీటిలో సాయంత్రం పిల్లిగద్దలు దిగుతుంటే ఈ నాలుగు నెలలైనా అక్కడ నిప్పు పడకుండా చూడండి.