బాబిన్‌లోని రెండో దారం

బియ్యం బస్తా మూతి కుట్టుకు సరైన కొస దొరికితే, ఒక్క లాగుతో దారమంతా సరసరా ఊడివస్తుంది. చొక్కా చంక దగ్గరి కుట్టును ఎంత లాగినా అలా రాదు. రెండూ మిషన్ కుట్లే. ఇంటిల్లిపాది బట్టలను కొద్ది ఖర్చుతో ఏళ్ల తరబడి నిలబెట్టిన ఘనతను మిషన్ వేగానికి కట్టబెడుతుంటారు. నిజానికి అది కింద బాబిన్‌లో ఉండే రెండో దారానికి దక్కాలి. 1830లో ఫ్రాన్సులో పేటెంటు పొందిన తిమోనియే మిషన్‌కూ వేగం ఉంది. సైనికుల దుస్తులు కుట్టింది, పొట్ట కొడుతుందని దర్జీలు విరగ్గొట్టేంతగా భయపెట్టింది. కానీ అది వేసింది గొలుసుకుట్టు. ఒకే దారంతో, ప్రతి ఉచ్చునూ తర్వాతి ఉచ్చు పట్టి ఉంచాలి. ఒకటి తెగితే వరస మొత్తానికి ముప్పు.

వాల్టర్ హంట్ 1830ల్లోనే రెండు దారాల కుట్టు కనిపెట్టి పేటెంటు తీసుకోకుండా వదిలేశాడు. 1846లో ఎలియాస్ హోవ్ అదే కుట్టు వేసే తన మిషన్‌కు పేటెంటు తీసుకున్నాడు. కిటుకంతా సూది మొనకే కన్ను పెట్టడంలో ఉంది. సూది గుడ్డను దాటి కిందికి దిగి, రవ్వంత పైకి లేస్తుంది. గుడ్డ రాపిడికి దారం సూదితోపాటు వెనక్కి పోలేక ఒక పక్కకు ఉబ్బి చిన్న ఉచ్చు అవుతుంది. సరిగ్గా ఆ క్షణాన హోవ్ మిషన్‌లో రెండో దారాన్ని మోసే షటిల్ ఆ ఉచ్చులోంచి దూరిపోయేది. తర్వాతి మిషన్లలో గుండ్రంగా తిరిగే కొక్కెం ఆ ఉచ్చునే పట్టి బాబిన్ చుట్టూ తిప్పి వదులుతుంది. పైదారం బిగుసుకోగానే రెండు దారాల మెలిక గుడ్డ మందంలో ఇరుక్కుంటుంది. ఎంత అందమైన ఏర్పాటు! ప్రతి మెలికా తన చోట తానే బిగిసి ఉంటుంది కాబట్టి, ఒకటి తెగినా పక్కవి పట్టు వదలవు. విడిన రెండంగుళాల మీద, అటూ ఇటూ కాస్త కలిపి కుడితే చాలు. మరమ్మతు చవకైంది ఇందువల్లే.

బాబిన్ నింపే పని లేని గొలుసుకుట్టే పొదుపు కదా అనవచ్చు. 1857లో జేమ్స్ గిబ్స్ పేటెంటు పొందిన మిషన్ అలాంటిదే. అయితే జానెడు కుట్టుకు గొలుసుకుట్టు సుమారు నాలుగు జానల దారం మింగితే, రెండు దారాల కుట్టుకు రెండున్నర జానలు సరిపోతుంది. ఎదిగే పిల్లల బట్టలు విప్పి వెడల్పు చేయడానికి సులువుగా ఊడే కుట్టే మేలన్నది బలమైన అభ్యంతరమే. కానీ విప్పడం ఏడాదికోసారి వచ్చే పని, ఉతుకుడు రోజూ ఉండేది. సింగర్ కంపెనీ వాయిదాల అమ్మకాలు, మన ఉషా మిషన్లు ఈ రెండు దారాల కుట్టును ఇంటింటికీ చేర్చాయి. సాగే బనియన్ గుడ్డ దగ్గర మాత్రం ఇది ఓడిపోతుంది. గుడ్డతో పాటు సాగలేక పుటుక్కున తెగుతుంది. అక్కడ ఉచ్చుల కుట్లదే పైచేయి.