నాలుగు స్క్రూలకు తుప్పు పడితే...

"స్క్రూలకేముందే, కాస్త తుప్పు పట్టాయి. ఓ ట్యూబు సీలెంటు పూసి, పైన తెల్లరంగు వేసేస్తే సరి!" అన్నారు మావారు.

నేనూ సరేనని ఊరుకుంటే ఈ నాలుగు ముక్కలూ రాసే పని ఉండేది కాదు.

మేం ఉండేది అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో. మావారిది ఉద్యోగం. నేను డిగ్రీ చదివి, ఇల్లు చూసుకుంటూ, తీరిక చిక్కితే కథలు రాసుకునే మనిషిని. పోయిన ఏడాది సెప్టెంబరులో ఆయన ఒక పాత క్యాంపరు కొన్నారు. క్యాంపరంటే కారు వెనక తగిలించి లాక్కుపోయే చిన్న ఇల్లు. పడకలు, పొయ్యి, సింకు, బీరువా అంత బాత్‌రూము అన్నీ అందులోనే. రెండేళ్ళు కూడబెట్టిన ఆరువేల అయిదువందల డాలర్లు పోశాం. వేసవిలో అత్తయ్యగారు తెనాలి నుంచి వస్తారు. ఆవిడకు హోటలు తిండి పడదు. తన పొయ్యి మీద తను చారు పెట్టుకుంటూ ఊళ్ళు చూస్తుందని ఆయన ఆశ.

అమ్మినాయన "ఒక్క చుక్క కూడా కారదు" అన్నాడు. లోపల గోడలకు తాజాగా రంగు వేసి ఉంది. ఇంత పాత బండికి లోపల మాత్రం కొత్త రంగెందుకో ఆ రోజే అడగాల్సింది. మనకెందుకులే అని ఊరుకున్నాను.

అక్టోబరులో రెండుసార్లు వెళ్ళొచ్చాం. రెండుసార్లూ మా అమ్మాయి దగ్గుతూ తిరిగొచ్చింది. దానికి ఉబ్బసం. చలిగాలి అనుకున్నాం.

ఏప్రిల్లో బండి తుడుస్తుంటే కనిపించాయి. వెనక మూల, అది పడుకునే పై పడక పక్కన, గోడకు బిగించిన స్క్రూలు నాలుగు. తలలన్నీ ఎర్రగా తుప్పు. వాటి కింద కొత్త రంగును చీల్చుకుని టీ మరకలాంటి చార. బయటి స్క్రూకి తుప్పంటే వాన తగిలిందనుకోవచ్చు. లోపలి స్క్రూకి వానెక్కడిది?

"చెమ్మ కాదు, ఆవిరి" అన్నారు మావారు. ఆయన మాటలోనూ నిజం లేకపోలేదు. అంత చిన్న గదిలో నలుగురి ఊపిరి చాలు, చలికాలంలో గోడలు చెమర్చడానికి. గ్యాసు మండినా నీటి ఆవిరి పుడుతుంది. తేల్చుకోవడానికి సులువైన పద్ధతి ఒకటుంది. గోడను పొడిగా తుడిచి, జానెడు ప్లాస్టిక్ కాగితం పరిచి, నాలుగు అంచులా టేపు వేసి రెండు రోజులు వదిలేయాలి. తడి కాగితం పైన చేరితే గదిలోని ఆవిరి. కాగితం వెనక చేరితే గోడలోంచి వస్తున్నట్టు. మాకు వెనకే చేరింది. ఆయన చూసి ఏమీ అనలేదు.

మా అమ్మమ్మగారి పెంకుటింట్లో వానచుక్క ఎప్పుడూ వంటింట్లోనే పడేది. పగిలిన పెంకు మాత్రం ఎక్కడో వసారా దగ్గరుండేది. నీళ్ళు వాసం వెంబడి జారి, తమకు నచ్చినచోట కింద పడేవి. పెంకులు సర్దడానికి వచ్చినవాడు చుక్క పడ్డచోటును చూసేవాడే కాదు, నేరుగా నిచ్చెన వేసుకుని పైకెక్కేవాడు.

క్యాంపరులోనూ అంతే. కరెంటు తీగ పీకేసి, ఆయన బయట గొట్టంతో నీళ్ళు పట్టారు, నేను లోపల టార్చి పట్టుకుని కూర్చున్నాను. కిందినుంచి పైకి రావాలి, ఒక్కోచోట పది నిమిషాలు. పైనుంచి మొదలెడితే అన్నీ ఒకేసారి తడిసి, ఎక్కడ కారిందో తెలియదు. గోడ కింది భాగం తడిపినా ఏమీ లేదు. కిటికీ దగ్గరా లేదు. కప్పూ గోడా కలిసే మూలపట్టీ మీద పట్టిన నాలుగో నిమిషంలో, మొదటి స్క్రూ పక్కనుంచి ఒక చుక్క తొంగిచూసింది. "ఆపండి, ఆపండి!" అని కేకేశాను.

ఈ దేశంలో తయారయ్యే ఇలాంటి బళ్ళు ఎక్కువభాగం ఇండియానా రాష్ట్రంలో ఎల్క్‌హార్ట్ అనే ఊరి చుట్టుపక్కలే తయారవుతాయి. చూడ్డానికి రేకు డబ్బాలా ఉంటుంది గానీ, మాలాంటి పాతవాటిలో లోపలి అస్థిపంజరమంతా సన్నటి చెక్కే. బయట పల్చటి అల్యూమినియం రేకు, మధ్యలో గులాబీరంగు గాజుదూది, లోపల అట్టలాంటి ప్లైవుడ్డు. రేకులు కలిసే మూలన ఒక పట్టీ, దాని కింద లప్పంలాంటి మెత్తటి టేపు, పైన వరసగా స్క్రూలు. ఎండకూ మంచుకూ ఏళ్ళ తరబడి ఓర్చి ఆ లప్పం ఎండి బీటలిస్తుంది. నీళ్ళు స్క్రూ వెంబడే చెక్కలోకి దిగుతాయి.

వర్క్‌షాపువాళ్ళు మూడువేల ఎనిమిదివందలు అడిగారు.

ఆ రాత్రి మావారు, "రంగేసి అమ్మేద్దాం. మనకు అమ్మినట్టే" అన్నారు. కోపంలో అన్నమాటే, ఆయన అలాంటి మనిషి కాదు.

"ఆ పడక మీద ఎవరి పిల్ల పడుకుంటుందో!" అన్నాను.

చాలాసేపు ఎవరమూ మాట్లాడలేదు. నిజం చెప్పొద్దూ, డబ్బు నేను సంపాదించింది కాదు, గట్టిగా అనడానికి నాకూ జంకే. పొద్దున్నే ఆయనే స్క్రూడ్రైవరు తీసుకొచ్చి నా చేతికిచ్చారు.

మూలపట్టీ స్క్రూలు విప్పడం మొదలెట్టాక తెలిసింది, ఒక్కోటీ ఒక్కో కథ చెబుతుందని. గట్టిగా పట్టి, కిర్రుమంటూ వచ్చిందా, వెనక చెక్క బాగున్నట్టు. తలకే తుప్పు పట్టి మొల శుభ్రంగా ఉంటే భయం లేదు. మొల నల్లబడి సన్నగా అరిగితే నీళ్ళు లోపలిదాకా వెళ్ళినట్టు. ఎంత తిప్పినా ఊరికే గిరగిరా తిరిగిందా, అక్కడ చెక్కే లేదన్నమాట! మా మూలన అలాంటివి తొమ్మిది. మొండికేసినవాటికి తుప్పు వదిలించే నూనె చల్లి రాత్రంతా వదిలేశాం. యంత్రంతో తిప్పితే తలలు తెగుతాయి, చేత్తోనే నయం. అరిగిన తలకు రబ్బరుబ్యాండు అడ్డుపెట్టి తిప్పితే పట్టు దొరుకుతుంది.

లోపలి ప్లైవుడ్డు తీస్తే గుప్పుమంది వాసన. ముక్కుకు మాస్కులు, చేతులకు తొడుగులు వేసుకునే దిగాం. దూది తడిసి ముద్దయింది, వెనకంతా నల్లటి బూజు. నిలువు చెక్కను వేలితో నొక్కితే తడిసిన రస్కులా విరిగింది. అమ్మాయిని వాకిట్లోనే ఆపేశాను.

ఆ పడక పక్కనే రెండుసార్లు పడుకోబెట్టాం దాన్ని.

నాలుగడుగుల చెక్క మార్చాం. దూదంతా సంచిలో కట్టి పారేశాం. వారంరోజులు ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాకే గోడ మూశాం. తడిమీద మూస్తే కథ మళ్ళీ మొదటికొస్తుంది. కొత్త స్క్రూలు స్టెయిన్‌లెస్ స్టీలువి, పాతవాటికన్నా కాస్త పొడుగువి. పట్టీ కింద బ్యూటైల్ టేపు. ఇది గట్టిపడకుండా ఏళ్ళ తరబడి జిగురుగానే ఉంటుంది. సిలికాన్ మాత్రం వద్దు. దానిమీద తర్వాత ఇంకేదీ అంటుకోదు, గీకి వదిలించలేక ప్రాణం పోతుంది. మాకంటే ముందువాళ్ళు పూసింది అదే. మొత్తం ఖర్చు రెండువందల పదిహేను డాలర్లు, మూడు శనాదివారాలు, ఒక కొత్త పాత చీర. అంటే కొత్తది కాస్తా పాతదైపోయింది.

జులైలో అత్తయ్యగారితో కెంటకీలోని మామ్మత్ గుహలు చూడ్డానికి వెళ్ళాం. రెండోరాత్రి కుంభవృష్టి. రేకుమీద చప్పుడుకి అందరికీ మెలకువ వచ్చింది. టార్చి వేసుకుని మూల తడుముతున్నాను.

"ఏమిటే అమ్మాయ్, అర్ధరాత్రి గోడను సవరదీస్తున్నావు?" అంది ఆవిడ కింది పడకలోంచి.

"దోమ, అత్తయ్యా!"

గోడ పొడిగా ఉంది. పైన అమ్మాయి అటు తిరిగి నిద్రపోతోంది, దగ్గు లేదు. మావారు మాత్రం లేచి వచ్చి, నా చేతిలో టార్చి తీసుకుని, ముందు మూల వైపు వేశారు. అక్కడ రెండు స్క్రూల తలలు ఎర్రబడ్డాయి. ఒకటి విప్పి చూశాం, మొల తెల్లగానే ఉంది. అయినా అక్టోబరులో ఆ పట్టీ కూడా విప్పుతున్నాం. టేపు తెచ్చిపెట్టారు ఆయనే.