చిరునవ్వు - అపార్థం

బట్టల దుకాణంలో అమ్మకానికి నిలుచున్న యువతి వచ్చిన వారినందరినీ చిరునవ్వుతో పలకరిస్తుంది. పది చీరలు విప్పించి ఒక్కటీ కొనకుండా లేచిపోయేవారిని కూడా అదే చిరునవ్వుతో సాగనంపుతుంది. టెలిఫోనులో ఖాతాదారుల ఫిర్యాదులు వినే యువతి కంఠంలోనూ ఈ మర్యాదే వినిపిస్తుంది. అది ఆమె ఉద్యోగధర్మం. ఐతే కొందరు పురుషులు దీనిని వేరొక విధంగా గ్రహిస్తారు. వచ్చిన పని ముగిసినా మాట పొడిగిస్తారు, పేరేమిటని, ఏ ఊరని అడుగుతారు, సరసానికి దిగుతారు. ఎవరైనా మందలిస్తే "ముందు నవ్వింది ఆ అమ్మాయే గదా!" అంటారు.

దీనిని దుర్బుద్ధి అని కొట్టివేయవచ్చును. చాలా సందర్భాలలో అది నిజం కూడా. కాని దుర్బుద్ధి లేనివారు సైతం ఈ పొరపాటు చేస్తూ ఉండడంవల్ల మనస్తత్వ శాస్త్రజ్ఞులు దీనిని ప్రయోగశాలలోకి తెచ్చి పరీక్షించారు.

అమెరికాలో ఆంటోనియా ఆబీ అనే శాస్త్రజ్ఞురాలు 1982లో ప్రకటించిన ప్రయోగం ఎంతో సరళమైనది. ఒక విద్యార్థి, ఒక విద్యార్థిని ఐదు నిమిషాలపాటు మాట్లాడుకొంటారు. మరొక విద్యార్థి, మరొక విద్యార్థిని చాటున ఉండి ఆ సంభాషణను గమనిస్తారు. తరువాత వీరందరూ మాట్లాడినవారి ప్రవర్తన ఎటువంటిదో అంకెలతో నిర్ణయిస్తారు. అందరి ముందూ జరిగినవి ఆ ఐదు నిమిషాలే. ఐనా ఆ యువతి ఆకర్షించడానికి ప్రయత్నించిందనే అభిప్రాయం స్త్రీలలో కంటె పురుషులలో ఎక్కువగా కనిపించింది. చాటున ఉన్న విద్యార్థి సంగతి ఆలోచించండి. అతని కోసం ఆమె నవ్వలేదు. అంతేకాదు, మాట్లాడిన విద్యార్థి ప్రవర్తనకు కూడా పురుషులు అదే రంగు పులిమారు. కనుక తేడా ఆమె నవ్వులో లేదు, చూచినవారి కళ్ళజోడులో ఉన్నది. ఇవి సగటు లెక్కలని మాత్రం మరువరాదు. ప్రతి పురుషుడూ ఇలాగే భావిస్తాడని ఈ ప్రయోగం చెప్పదు.

ఈ కళ్ళజోడు ఎక్కడి నుంచి వచ్చింది? 2000 సంవత్సరంలో హేసెల్టన్, బస్ అనే ఇద్దరు పరిశోధకులు జీవపరిణామాన్ని ఆధారం చేసుకొని ఒక వాదం తెచ్చారు. రాత్రివేళ పొలం కాపరికి ప్రతి పొదా దొంగలాగే కనిపిస్తుంది. పొదను దొంగ అనుకొంటే పోయేది కాస్త శ్రమ. దొంగను పొద అనుకొంటే పోయేది పంట. అలాగే జతను వెదికే పురుషునికి లేని ఇష్టాన్ని ఉన్నదనుకొనడం కంటె, ఉన్న ఇష్టాన్ని గుర్తించకపోవడం పూర్వకాలంలో ఎక్కువ నష్టమైనదనీ, అందువల్ల మనస్సు మొదటి పొరపాటు వైపు మొగ్గిందనీ వారి వాదం. ఇది అందరూ అంగీకరించినది కాదు. పెరిగిన వాతావరణమే ఇందుకు కారణమని చెప్పేవారూ ఉన్నారు. వెంటపడి విసిగించిన నాయకునికే చివరి రీలులో నాయిక దక్కడం చూస్తూ పెరిగిన కుర్రవాని విషయంలో ఆదిమానవుని దాకా పోవలసిన పని లేదేమో!

కారణం ఏదైనా, దుకాణంలోని చిరునవ్వుకు ఒక ప్రత్యేకత ఉన్నది. విజ్ఞానశాస్త్ర విద్యార్థి దీనిని తేలికగా గ్రహించగలడు. మంచులో పెట్టినా, మరిగే నీటిలో పెట్టినా ఒకే అంకె చూపే ఉష్ణమాపకం ఉన్నదనుకొనండి. దానిని చూచి ఉష్ణోగ్రత చెప్పగలమా? అందరికీ సమానంగా చూపించి తీరవలసిన చిరునవ్వూ అంతే. ఎదుటివానిపై ఆమెకు గల అభిప్రాయం ఏమిటో అది ఏమీ తెలుపదు. బస్సులోనో, పెళ్ళిలోనో ఎవరైనా విసిగిస్తే ఆమె ముఖం తిప్పుకొని పోగలదు; కౌంటరు వెనుక నిలుచున్నప్పుడు పోలేదు. పోకపోవడాన్ని ఇష్టంగా లెక్కించడమే ఇక్కడి అసలు పొరపాటు.

నిజమైన నవ్వును ముఖం చూచి పోల్చవచ్చునని కొందరికి నమ్మకం. ఫ్రెంచి వైద్యుడు డుషేన్ 1862లో ప్రకటించిన గ్రంథంలో ముఖ కండరాలను విద్యుత్తుతో కదిలించి చూపాడు. పెదవుల కొనలను పైకి లాగే బుగ్గ కండరం మన ఇష్టానుసారం కదులుతుంది. కంటి చుట్టూ ఉండే వలయ కండరం మాత్రం నిజమైన సంతోషంలోనే ముడుచుకొంటుందని ఆయన అభిప్రాయం. కాని చాలామంది దీనిని కూడా కోరి ముడవగలరని ఇటీవలి పరిశోధనలలో తేలింది. రోజుకు ఎనిమిది గంటలు నవ్వడమే పనిగా గలవారికి ఈ విద్య పట్టువడడంలో వింత లేదు.

ఇక అందం విషయం. చంద్రుని చుట్టూ వరదగుడి కట్టడం పల్లెలలో అందరూ చూచినదే. వెలుగు చంద్రునిదే ఐనా చుట్టూ ఉన్న ఆకాశం కూడా వెలుగుతున్నట్లు తోస్తుంది. మనిషిలోని ఒక గుణం తక్కిన గుణాలకు ఇలాగే వెలుగు పూస్తుందని 1920లో ఎడ్వర్డ్ థార్న్‌డైక్ గుర్తించాడు. సైన్యాధికారులు తమ కిందివారి దేహదారుఢ్యానికి, తెలివికి, నాయకత్వానికి, శీలానికి విడివిడిగా వేసిన అంకెలు ఒకదాని వెంట ఒకటి నడిచాయి. బలిష్ఠంగా కనిపించినవాడే తెలివిగలవాడు, శీలవంతుడు కూడా అయ్యాడన్నమాట! 1972లో డయాన్, బెర్షైడ్, వాల్‌స్టర్ అనే ముగ్గురు శాస్త్రజ్ఞురాండ్రు విద్యార్థులకు ఫోటోలు మాత్రమే చూపించారు. అందమైన ముఖాలవారికే మంచి స్వభావం, మంచి ఉద్యోగం ఉంటాయని విద్యార్థులు ఊహించారు.

ఉపాధ్యాయులకు ఆసక్తి కలిగించే ప్రయోగం మరొకటి ఉన్నది. 1977లో నిస్బెట్, విల్సన్ అనే పరిశోధకులు విదేశీయాసతో ఇంగ్లీషు మాట్లాడే ఒక అధ్యాపకుణ్ణి రెండు విధాలుగా చిత్రించారు. ఒక చిత్రంలో ఆయన ఆదరంగా, రెండవదానిలో కటువుగా మాట్లాడాడు. మొదటిది చూచిన విద్యార్థులకు ఆయన రూపం, యాస కూడా నచ్చాయి. రెండవది చూచినవారికి అవే రూపం, అదే యాస చికాకు కలిగించాయి. తమ ఇష్టాయిష్టాలు ఈ తీర్పుపై పనిచేశాయంటే మాత్రం విద్యార్థులు ఒప్పుకోలేదు. మనస్సు తన పొరపాటును తానే కప్పుకొంటుంది.

వ్యాపారి ఈ బలహీనతను ఎన్నడో కనిపెట్టాడు. దక్షిణ ఆఫ్రికాలో ఒక అప్పుల సంస్థ తన పాత ఖాతాదారులకు పంపిన వేలాది ఉత్తరాలను ఆర్థికశాస్త్రజ్ఞులు కొద్దికొద్ది మార్పులతో వ్రాయించారు. వారు 2010లో ప్రకటించిన ఫలితం ప్రకారం, ఉత్తరంపై అందమైన యువతి ఫోటో అచ్చువేయడం వడ్డీ రేటును దాదాపు 25 శాతం తగ్గించడంతో సమానంగా పనిచేసింది. వందకు 8 రూపాయల వడ్డీని 6 రూపాయలకు దించినట్లన్నమాట. అప్పు తీర్చవలసింది ఆ ఫోటోకు కాదు గదా! ఐతే వారు ప్రయత్నించిన మార్పులలో కొన్ని మాత్రమే ఫలించాయి. అందం ఒక్కటే సరుకును అమ్మిపెడుతుందని దీనినిబట్టి అనలేము. మరొక సంగతి చాలామందికి ఆశ్చర్యం కలిగిస్తుంది. హామర్‌మెష్, బిడిల్ అనే ఆర్థికశాస్త్రజ్ఞులు 1994లో చూపిన లెక్కలలో అందవిహీనులని ఎంచబడినవారి జీతం సగటు రూపంగలవారి జీతం కంటె 5 నుండి 10 శాతం తక్కువ. ఈ నష్టం స్త్రీలతో పాటు పురుషులకూ ఉన్నది.

స్త్రీల మృదుత్వాన్ని వ్యాపారానికి వాడుకొనడం పాత పద్ధతే. బోస్టన్‌లో టెలిఫోన్ ఎక్స్చేంజిలో పనిచేసే కుర్రవాళ్ళు చందాదారులతో దురుసుగా మాట్లాడుతున్నారని 1878లో ఎమ్మా నట్ అనే యువతిని నియమించారు. ప్రపంచంలో మొట్టమొదటి స్త్రీ టెలిఫోన్ ఆపరేటర్ ఆమె. ఆ తరువాత మర్యాద అనేది స్త్రీ చేయవలసిన పనిగా స్థిరపడిపోయింది.

దీనికయ్యే ఖర్చును ఎవరు భరిస్తున్నారో లెక్క తీసినది సామాజిక శాస్త్రజ్ఞురాలు ఆర్లీ హోక్‌షీల్డ్. విమానాలలో పనిచేసే పరిచారికలను పరిశీలించి 1983లో వెలువరించిన గ్రంథంలో, ఉద్యోగం కోసం తన భావాలను తానే అదుపు చేసుకొనడం కూడా శ్రమే అని ఆమె నిరూపించింది. దీనిని భావశ్రమ అనవచ్చును. మూటలు మోసిన కూలికి భుజం నొప్పి ఎలాంటిదో, భావశ్రమ చేసినవారికి తన నవ్వు తనది కాదనిపించడం అలాంటిది. ప్రయాణికులు పురుష పరిచారకుల మాటకు ఇచ్చే విలువ స్త్రీల మాటకు ఇవ్వకపోవడాన్ని కూడా ఆమె గమనించింది. కోపమైనా, వెకిలితనమైనా ముందుగా పడేది రక్షణ తక్కువగా ఉన్న చోటనే.

కాలిఫోర్నియాలో 1998లో జరిగిన ఒక సంఘటన ఇందుకు తార్కాణం. సరుకులు అమ్మే ఒక పెద్ద సంస్థ తన ఉద్యోగులు ప్రతి కొనుగోలుదారు కళ్ళలోకి చూచి నవ్వాలని నియమం పెట్టింది. సరిగా నవ్వుతున్నారో లేదో చూడడానికి రహస్యంగా మనుషులను కూడా పంపేది. ఆ నవ్వును కొందరు పురుషులు ఆహ్వానంగా తీసుకొంటున్నారని కొందరు స్త్రీ ఉద్యోగులు ఫిర్యాదు చేశారు. నవ్వకపోతే యజమానికి కోపం. నవ్వితే ఈ బెడద. అపార్థం కొనేవానిదే ఐనా, ఆ అపార్థానికి తావిచ్చే నియమం యజమానిది.

"ఖాతాదారులు కోరుతున్నారు" అనే సాకును న్యాయస్థానాలూ పరీక్షించాయి. ప్రయాణికులకు స్త్రీలే ఇష్టమని ఒక అమెరికన్ విమాన సంస్థ పురుషులను చేర్చుకొనకపోగా, విమాన సంస్థ అసలు పని ప్రయాణికులను క్షేమంగా చేర్చడమనీ, ప్రయాణికుల ఇష్టం ఇందుకు తగిన కారణం కాదనీ 1971లో అక్కడి అప్పీలు న్యాయస్థానం తీర్పు చెప్పింది. మొదటిసారి గర్భవతి కాగానే విమాన పరిచారికను ఉద్యోగం నుంచి తొలగించే నియమాన్ని మన సుప్రీంకోర్టు 1981లో కొట్టివేసింది. 2013లో వచ్చిన చట్టం మరింత ముందుకు పోయింది. పనిచేసే చోటికి వచ్చిపోయే బయటివారి నుండి కూడా స్త్రీలకు రక్షణ కల్పించడం యజమాని విధి అని అది స్పష్టంగా చెప్పింది. హైదరాబాదులోని కాల్ సెంటరుకైనా, చిన్న పట్టణంలోని బట్టల దుకాణానికైనా ఈ చట్టం వర్తిస్తుంది. దుకాణంలో చేరే ఎందరు అమ్మాయిలకు ఈ సంగతి తెలుసునో సందేహమే. పాఠశాల వదలి నేరుగా ఉద్యోగానికి పోయే వారికి చెప్పదగిన విషయాలలో ఇది ఒకటి.

ఈ అపార్థానికి ఇప్పుడు మనిషి కూడా అక్కరలేదు. అడిగిన ప్రశ్నలకు స్త్రీ కంఠంతో బదులు చెప్పే యంత్రాలు చేతిఫోనులలోకి వచ్చాయి. వీటితో సరసాలాడేవారూ, బూతులు మాట్లాడేవారూ ఉన్నారు. అలాంటి మాటకు ఒక యంత్రం, తనకు వీలుంటే సిగ్గుపడేదాన్నని బదులు చెప్పేది. దానినే పేరుగా పెట్టి 2019లో యునెస్కో ఒక నివేదిక ప్రచురించింది. ఆ యంత్రాన్ని తయారుచేసిన సంస్థ బదులును మార్చింది. 2021లో ఇంగ్లీషు మాటకు ముందుగా స్త్రీ కంఠాన్ని అమర్చి ఇవ్వడం కూడా మాని, ఏ కంఠం కావాలో వాడేవారినే ఎన్నుకొనమన్నది.