తాళము పడిన యంత్రము - లోన చిక్కిన తెలుగు

జగిత్యాల జిల్లాలోని బుగ్గారము ఒకప్పుడు శాసనసభా నియోజకవర్గమునకు పేరిచ్చిన ఊరు. 2016లో జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు అది మండల కేంద్రమైనది. అట్టి ఊరిలో ఒక తెలుగు పంతులుగారిని పాఠకులు ఊహించుకొనవచ్చును. ఇరువది యేండ్ల క్రిందట ఆయన తన బడిపిల్లలకు ఒక పని అప్పగించిరి. ఇండ్లలోని ముసలమ్మలు పాడు బతుకమ్మ పాటలు, చెప్పు శాస్త్రములు - ఆ సీమలో కథలకును సామెతలకును అదే పేరు - వ్రాసి తెమ్మనిరి. పిల్లలు తెచ్చిరి. సిరిసిల్లలో చుట్టములున్న పిల్లవాడు సాంచెల మాటలు తెచ్చెను. తల్లి బీడీలు చుట్టు పిల్ల తునికాకు మాటలు తెచ్చెను. పంతులుగారు రాత్రులు కూర్చుండి వానినన్నిటిని కంప్యూటరులో ఎక్కించిరి. నోటుపుస్తకములు చెదలపాలైనవి. పాడిన ముసలమ్మలలో పెక్కురు ఇప్పుడు లేరు. మిగిలినది అటకమీది యంత్రమొక్కటే.

ఆ యంత్రమును దింపి, దుమ్ము దులిపి, చెడిన మదరుబోర్డును మార్పించి తీగ తగిలించినచో ఏమగును? తెర వెలుగును. ఆపైని ఒక ప్రకటన కానవచ్చును: ఈ విండోసు ప్రతిని ఆక్టివేటు చేయవలెను, చేయనిదే లోనికి పోరాదు. "ఇప్పుడు కాదు" అని నొక్కినచో వాకిట నుండి వెనుకకు పంపును. తన చేతివ్రాత వంటి తన కూర్పు లోపలనే ఉన్నదని తెలిసియు, యజమానుడు గడప దాటలేడు.

ఈ తాళము సంగతి విద్యార్థులు తెలిసికొనదగినది. 2001 అక్టోబరు 25న వెలువడిన విండోసు ఎక్స్‌పితో మైక్రోసాఫ్టు సంస్థ ఇండ్లలోని సామాన్య కంప్యూటరులకు ఈ పద్ధతిని విస్తరింపజేసినది. ఒకే బిళ్లను పదిమంది ఎక్కించుకొనకుండుటకై చేసిన ఏర్పాటిది. యంత్రములోని ప్రధానావయవముల గుర్తులను కూర్చి యాబది అంకెల సంఖ్య నొకదానిని ఎక్స్‌పి తయారు చేయును. దానిని సంస్థకు తెలిపి బదులుగా ధ్రువీకరణ పొందవలెను. ఇందులకు ముప్పది దినముల గడువు. అవయవములలో అనేకము మారినచో, "ఇది ఆ యంత్రము కాదు, వేరొకటి" యని భావించి మరల అనుమతి కోరును. మదరుబోర్డు మార్చిన పంతులుగారికి జరిగినదదియే. రోగికి గుండె మార్చినచో ఇంటివారే గుర్తుపట్టనట్లయినది! 2014 ఏప్రిల్ 8తో ఎక్స్‌పికి సంస్థయొక్క తోడ్పాటు ముగిసినది. నాటి యంత్రము నేటి ఇంటర్నెట్టుతో మాటలాడుటయే కష్టము.

జగిత్యాలలోనో కోరుట్లలోనో దుకాణమునకు మోసికొనిపోయినచో తరచుగా వినవచ్చు సలహా ఒకటి కలదు: "ఏం గాదు సార్, ఫార్మాట్ గొట్టి విండోస్ మల్ల ఎక్కిస్త." ఆ కుఱ్ఱవాని మాటలో దురుద్దేశము లేదు. ఆయన చూచునది యంత్రమును; పంతులుగారు చూచునది పాటలను. ఫార్మాటు చేసి, దానిపై క్రొత్త విండోసును వ్రాసినచో, పలకమీది అక్షరములను తుడిచి వానిపైననే మరల వ్రాసినట్లగును. ఇక దొంగతాళపుచెవులవంటి చిన్న ప్రోగ్రాములు కొన్ని చేతులు మారుచుండును. అవి న్యాయము కావు. పైగా వానితోపాటు వైరసులు వచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, వాని అవసరమే లేదు.

ఏలయనగా తాళము పడినది విండోసునకే కాని పంతులుగారి వ్రాతకు కాదు. ఆక్టివేషను తాళము హార్డుడిస్కులోని ఫైళ్లను రహస్యలిపిలోనికి మార్చదు. ముందుగుమ్మమున కావలివాడున్నాడు, గదులలోని పెట్టెలు తెరచియే యున్నవి. విద్యుత్తు ఆపి, పెట్టె విప్పి, హార్డుడిస్కును ఊడదీసి, వేరొక కంప్యూటరునకు తగిలించినచో ఫైళ్లు కనబడును. ఆ కాలపు డిస్కులు అనేకము నలువది సూదులు గల వెడల్పు తీగతో అతుకునవి. వానిని నేటి యు.ఎస్.బి. రంధ్రమునకు కలుపు అడాప్టరు స్వల్పమైన వెలకే దొరకును. బల్లమీది యంత్రముల పెద్ద డిస్కులకు విద్యుత్తు వేరుగా ఇయ్యవలెను. "అనుమతి లేదు" అని క్రొత్త విండోసు అడ్డుపడినచో, నిర్వాహకుని అధికారముతో ఆ ఫోల్డరు స్వామ్యమును తన పేర మార్చుకొనవచ్చును. విప్పుటకు చేయి రానివారు బిళ్లనుండి నేరుగా నడచు లినక్సుతో ఆ పాత యంత్రమునే మేల్కొలుపవచ్చును. లినక్సునకు విండోసు కావలివానితో పనిలేదు.

అయితే ఇరువదియేండ్ల డిస్కును నమ్మరాదు. టకటకమని చప్పుడు చేసినచో వెంటనే ఆపవలెను. చప్పుడు లేకున్నను ముందుగా డిస్కు మొత్తమునకు ప్రతి తీసి, వెదకుట, తెరచుట అంతయు ఆ ప్రతిమీదనే చేయుట మేలు. డిడిరెస్క్యూ అను ఉచిత సాధనము మొదట చెడని భాగములను త్వరగా చదివి భద్రపరచి, చెడిన చోట్లకు తరువాత మరల మరల పోవును. ఎంతవరకు చదివినదో ఒక పటము వ్రాసికొనును. బ్రౌనుదొర కడపలో పండితులను నియమించి తాటియాకు గ్రంథములకు కాగితపు ప్రతులు వ్రాయించుట ఈ ఎఱుకతోనే గదా! ఒక్క హెచ్చరిక: ఇది పాత యంత్రముల మాట. బిట్‌లాకరు అను కవచము వేసిన క్రొత్త యంత్రములలో డిస్కును ఊడదీసినను ప్రయోజనము లేదు. నలుబదియెనిమిది అంకెల పునరుద్ధరణ సంఖ్యను ముందే వ్రాసియుంచుకొనవలెను.

ఇంతటితో పాటలు దక్కినవనుకొనుట తొందరపాటు. ఫైలు తెరవగానే తెరపై రోమను లిపి ముక్కలు, నెత్తిన గీతలున్న పరదేశపు అక్షరములు, రూపాయి గుర్తో పక్షిపాదమో తెలియని చిహ్నములు! తెలుగు ఒక్క అక్షరమును ఉండదు. ఇది రెండవ తాళము, మొదటిదానికంటె గట్టిది.

ఆ రోజులలో తెలుగు అచ్చుపని యంతయు పేజిమేకరుతోను, అను, శ్రీలిపి మొదలగు ఫాంటులతోను సాగెడిది. అట్టి ఫాంటులలో తెలుగు అక్షరమునకు స్వంతస్థానము లేదు. ఇంగ్లీషు అక్షరములకును గుర్తులకును కేటాయించిన రెండువందల యేబదియారు గదులలో తలకట్టును ఒకచోట, కొమ్మును ఒకచోట, వత్తును మరియొకచోట అద్దెకు ఉంచిరి. ఆ ఫాంటున్నంతవరకు తెలుగు కనబడును. అది లేనినాడు అద్దెయిండ్ల అసలు యజమానులు బయటపడుదురు. కొన్ని సాధనములు కంప్యూటరు వెనుక తగిలించు డాంగిలను చిన్న బిగింపు లేనిదే పనిచేసెడివి కావు. అది పోయినచో అంతే. పేజిమేకరు 7వ కూర్పు 2001లో వచ్చినది, అదియే కడపటిది. దాని ఫైళ్లను ఇన్‌డిజైను సి.ఎస్. 6 వరకు తెరవగలిగెడిది. ఆపై కూర్పులు తెరవవు.

యూనికోడు పద్ధతి వేరు. 1991లో వెలువడిన దాని తొలి కూర్పులోనే తెలుగునకు నూట యిరువదియెనిమిది స్థానములు దక్కినవి. అందు దాచునది ఆకారమును కాదు, వర్ణమును. "శ్రీ" అను అక్షరమును శ, పొల్లు, ర, ఈకారపు గుడి అని నాలుగు సంకేతములుగా వ్రాసి, ఆకారమును తీర్చు భారము ఫాంటునకు వదలిరి. వ్యాకరణము చదివిన విద్యార్థికి ఇది పరిచితమైన త్రోవయే. పాత ఫాంటుల వ్రాతను యూనికోడులోనికి మార్చుటకై వెన్న నాగార్జున "పద్మ" అను సాధనమును రచించిరి. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియాకు శ్రీకారము చుట్టినవారును ఆయనయే. నేడు ఇట్టి మార్పిడి సాధనములు మరికొన్ని కలవు.

సాధనము మార్చినంతమాత్రమున పాఠము శుద్ధమని కాదు. కంటికి కనబడు ముక్కల వరుస వేరు, నోటికి వచ్చు వర్ణముల వరుస వేరు. "వు" అనునది "మ" గా మారవచ్చును. వత్తు ప్రక్క అక్షరమునకు పోవచ్చును. కావ్యభాషలోనైన నిఘంటువు చూచి దిద్దవచ్చును. ముసలమ్మ పాటలోని మాటను ఏ నిఘంటువు చూచి దిద్దుట? "సాంచె", "కండె", "ఆసామి" వంటివి తెలియని వ్యక్తి వానిని తప్పులనుకొని కొట్టివేయును. ఇక్కడ కావలసినది ఆ ఊరి చెవి. తంజావూరు తాళపత్రములనుండి మానవల్లి రామకృష్ణకవి నన్నెచోడుని కుమారసంభవమును వెలికి తెచ్చి 1909లో ప్రకటించినప్పుడు తాటియాకు దొరకుట సగము పని. చదివి పాఠము నిర్ణయించుట తక్కిన సగము.

పెద్ద సంస్థలకును ఈ బాధ తప్పలేదు. ఇంగ్లండులో 1086 నాటి డూమ్స్‌డే గ్రంథము తోలుపై నున్నది, నేటికిని చదువవచ్చును. దాని తొమ్మిదివందల యేండ్ల పండుగకై 1986లో బి.బి.సి. వారు క్రొత్త డూమ్స్‌డే కూర్చిరి. తొమ్మిదివేల పాఠశాలలకు పైగా పాలుగొన్నవి; పిల్లలు తమ ఊళ్ల ముచ్చట్లు వ్రాసిరి. దానిని లేజరు బిళ్లల కెక్కించిరి. పదునైదేండ్లు గడచునప్పటికి ఆ బిళ్లలను చదువు యంత్రములు అరుదైపోయెను. 2002లో లీడ్సు, మిషిగను విశ్వవిద్యాలయముల పరిశోధకులు పాత యంత్రపు నడతను క్రొత్త యంత్రముచే అనుకరింపజేసి వానిని చదివించిరి. బుగ్గారము పిల్లల పనికిని ఆ పిల్లల పనికిని భేదము చాల తక్కువ. వెనుక నిలిచిన సంస్థయే భేదము.

అన్నియు దాటి పాటలు చేతికి వచ్చినవనుకొనుడు. అప్పుడొక చిన్న చిక్కు మిగులును. యంత్రములోని గుండ్రని బ్యాటరీ చచ్చిన పిదప గడియారము వెనుకకు పోవును. ఆ స్థితిలో దాచిన ఫైళ్లపై 1980 జనవరి 1 అని తేదీ పడియుండుట కలదు. ఆ పాటను ఏ యేట, ఏ తరగతి పిల్ల, ఏ అవ్వ నోట విని తెచ్చినదో ఏ డిస్కును చెప్పదు. అందుకై పంతులుగారు పాత హాజరుపట్టీ చేతబట్టి, ఇప్పుడు ముప్పదియేండ్లు దాటిన ఆ పిల్లలను ఒక్కొక్కరినే అడుగుచు ఇల్లిల్లు తిరుగవలసియున్నది.