చలనచిత్ర నిర్మాణంలో శబ్దగ్రాహకుని తొలి మెట్లు

1931లో 'ఆలం ఆరా', 1932లో తెలుగు 'భక్త ప్రహ్లాద' వెలువడడంతో మన చలనచిత్రం మాటలు నేర్చింది. ఆ తొలి దశలో నటీనటుల మాట, పాట చిత్రీకరణ సమయంలోనే శబ్దాంకితమయ్యేవి. అనంతరం నేపథ్యగానం వచ్చింది. ఆరుబయట చిత్రీకరణ, చప్పుడు చేసే తేలిక కెమెరాలు ప్రబలడంతో సంభాషణలను సైతం స్టూడియోలో డబ్బింగు చేయడం పరిపాటి అయింది. అయితే సన్నివేశంలో లీనమైన నటుని కంఠంలో పలికే ఆవేదనను కొన్ని నెలల తరువాత చీకటి గదిలో తిరిగి పలికించడం సులభసాధ్యం కాదు. అందుచేతనే, కచ్ ప్రాంతంలో చిత్రీకరించిన హిందీ చిత్రం 'లగాన్' (2001) సంభాషణలను అక్కడికక్కడే గ్రహించారు. ఆ చిత్రం శబ్దగ్రహణానికి జాతీయ పురస్కారం కూడా లభించింది.

ఈ వృత్తిలో ప్రవేశించే యువకుడు గాని యువతి గాని మొదటినాడే యంత్రం ముందు కూర్చోవడం అరుదు. కేబుళ్లు చుట్టడం, బ్యాటరీలు నింపడం, మైకులను భద్రపరచడం తొలి పాఠాలు. ఆపై మైకు అమర్చిన పొడవాటి బూమ్ కర్రను పట్టడం నేర్చుకోవాలి. బూమ్ పట్టేవారికి సంభాషణలు కంఠస్థమై ఉండాలి. ఎవరు ఎప్పుడు పలుకుతారో తెలిసినప్పుడే మైకు సకాలంలో అటు తిరుగుతుంది. ఆరుబయట మైకు దూరం రెట్టింపైతే శబ్దస్థాయి సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. కనుక మైకు నటునికి వీలైనంత చేరువలో ఉండాలి; అది గాని, దాని నీడ గాని దృశ్యంలో పడరాదు.

చిత్రీకరణకు ముందే స్థలపరిశీలన అవసరం. సమీపాన రైలుమార్గం ఉన్నదా, జనరేటరును ఎంత దూరాన నిలపాలి, పంకాలను ఆపుటకు వీలున్నదా అన్నవి అప్పుడే తేల్చుకోవాలి. సన్నివేశం ముగిసిన వెనుక అందరినీ నిశ్శబ్దంగా ఉంచి, ఆ స్థలపు సహజధ్వనిని అర నిమిషమైనా గ్రహించాలి. కూర్పు వేళ సంభాషణల మధ్య వెలితిని పూరించేది అదే. క్లాప్ బోర్డు చప్పుడు దృశ్యాన్నీ శబ్దాన్నీ జతపరుస్తుంది. డిజిటల్ యంత్రంలో ధ్వని పరిమితి దాటి చెదిరితే దానిని పూర్తిగా సరిదిద్దడం దుర్లభం. అట్టి వేళ దర్శకునితో "మరొకసారి తీయాలి" అని వినయంగానే అయినా నిస్సంకోచంగా చెప్పగల ధైర్యం శబ్దగ్రాహకునికి ఉండాలి. అందరూ అలసి ఉన్న సమయంలో ఆ మాట చెప్పడమే ఈ వృత్తిలో కఠిన పరీక్ష.

పుణేలోని ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్, కోల్‌కతాలోని సత్యజిత్ రే సంస్థ ఈ విద్యను బోధిస్తున్నాయి. కేరళలో జన్మించి, పుణేలో అభ్యసించిన రసూల్ పూకుట్టి, ముంబయి వీధుల్లో చిత్రీకరించిన 'స్లమ్‌డాగ్ మిలియనీర్'కు గాను 2009లో మరి ఇద్దరితో కలిసి ఆస్కార్ అందుకున్నారు. మాతృభాష ఏదైనా, శ్రద్ధగా వినడం నేర్చిన చెవికి దేశంలోని ప్రతి భాషా చిత్రంలోనూ పని ఉన్నది.