ఇంట్లోనే ఇసుక బల్ల

పిల్లలకు ఆటబల్ల చేద్దామనుకుంటే టేపు ముందు బిడ్డకు పట్టాలి. చెప్పులు విప్పించి, గోడకు ఆనించి నిలబెట్టి, నేల నుంచి నడుము దాకా కొలవండి. బల్ల అంచు ఆ ఎత్తుకు, లేదా కాస్త కిందికి రావాలి. మూడేళ్లవాళ్లకు 18 నుంచి 20 అంగుళాలు సరిపోతుంది. మరీ ఎత్తయితే భుజాలు పైకి లేస్తాయి, చెయ్యి అడుగుకు అందదు. మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ప్రారంభించిన బడికి చేయించిన బల్లలు పిల్లలే ఎత్తి జరుపుకోగలిగినంత చిన్నవి, తేలికైనవి. మన ఇళ్లలో మాత్రం డైనింగు టేబుల్ నుంచి సింకు దాకా అన్నీ పెద్దల ఎత్తుకే ఉంటాయి. వాటి మధ్య పిల్లల కొలతకు చేసిన బల్ల ఒక్కటైనా ఉండాలి.

ఇసుక, నీళ్ల బల్లకు పెద్ద ఖర్చేమీ లేదు. వెడల్పాటి ప్లాస్టిక్ తొట్టి, దాన్ని మోసే చట్రం ఉంటే చాలు. బరువు మాత్రం ముందే లెక్కేసుకోవాలి. 60 సెంటీమీటర్ల పొడవు, 40 వెడల్పు ఉన్న తొట్టిలో 10 సెంటీమీటర్ల మేర నింపితే 24 లీటర్లు. నీళ్లయితే 24 కిలోలు, పొడి ఇసుకయితే దాదాపు 38. పైగా పిల్లలు అంచు మీద వాలతారు. అందుకే తొట్టిని అంచుల మీదే వేలాడదీయకూడదు, అడుగున రెండు అడ్డకర్రలు ఉండాలి. ఇసుక సగమే పోయండి, ఆటకు అది చాలు.

చట్రానికి పాత చెక్క వాడితే రంగు చూసుకోండి. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం 90 పీపీఎం మించకూడదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు నుంచే అమల్లో ఉంది. అంతకుముందు రంగు వేసిన చెక్కను గీకితే ఆ పొడి పిల్లల చేతుల్లోకి, నోట్లోకి పోతుంది. దాని బదులు కొత్త చెక్క కొని, అంచులను గరుకు కాగితంతో నున్నగా రుద్దడం మంచిది. ఇసుక నదిదే తీసుకుని, జల్లించి, కడిగి ఆరబెట్టాలి. రాళ్లు పిండిచేసి తీసే రోబో ఇసుకలో సన్నటి దుమ్ము ఎక్కువ, అది ఊపిరితిత్తులకు చేటు.

బొమ్మలు కొననక్కర్లేదు. జల్లెడ, గరాటు, చిల్లుల గరిటె, గిద్ద, సోల పెట్టండి. నాలుగు గిద్దలు పోస్తే సోల నిండుతుందని బిడ్డ చేత్తోనే తెలుసుకుంటుంది. వెడల్పు గిన్నెలోని నీళ్లను సన్నటి పొడవు గ్లాసులోకి ఒంపితే ఎక్కువయ్యాయనే అంటుంది. ఆరేడేళ్ల దాకా చాలామంది పిల్లలు ఇలాగే అనుకుంటారని మనస్తత్వవేత్త జాన్ పియాజే ఇలాంటి ప్రయోగాలతోనే చూపారు. తప్పని దిద్దకండి. మళ్లీ మళ్లీ ఒంపుకోనివ్వండి, ఆ ఒంపడమే ఆట. శనగలు, బఠాణీలు మాత్రం మూడేళ్లలోపు పిల్లల బల్ల మీదికి రానివ్వొద్దు. ముక్కులో ఇరుక్కుంటే తడికి ఉబ్బుతాయి.

రెండంగుళాల నీళ్లున్నా పసిపిల్లలకు ప్రమాదమే. పెద్దవాళ్లు పక్కనే ఉండాలి, ఫోను మోగినా కదలకూడదు. ఆట అయ్యాక నీళ్లు పారబోసి తొట్టి బోర్లించండి. డెంగీ దోమ నిలవ నీటిలో గుడ్డు నుంచి దోమయ్యేందుకు వారం పది రోజులు చాలు. ఇసుక తొట్టికి మూత వేయకపోతే పిల్లులు పాడుచేస్తాయి. చట్రం కాళ్లను పీవీసీ పైపులతో చేస్తే ఇంకో వీలుంది. ఏడాదికోసారి పాత ముక్కలు తీసి, బిడ్డ ఎదిగినంత పొడవైనవి బిగించుకోవచ్చు.